పిల్లకాయలతో తాబేలు బన్నులు, గిత్త బ్రెడ్డు, ఫ్లెమింగో బిస్కెట్లు: మన ఎండల్లో ఆకారం నిలబడాలంటే ఎట్టా?

చిన్ని వాళ్ళమ్మ (ఒంగోలు)
అందరికీ నమస్తే. సెలవలు గదా, మా ఇద్దరికి తోడు ఆడబిడ్డ పిల్లలు కూడా వచ్చారు, ఇల్లంతా సందడే సందడి. పొద్దున పదైతే చాలు బయట కాలు పెట్టే పరిస్థితి లేదు, సాయంత్రం దాకా టీవీలు ఫోన్లే అయితే ఎట్టా అని వీళ్ళ చేత పిండి పిసికించి బొమ్మల బన్నులు, బొమ్మల బిస్కెట్లు చేయిద్దామని నా ఆశ. ఓటీజీ ఉంది, మామూలు బన్నులు మెత్తగానే వస్తాయి. ఆకారం పెట్టేసరికే తేడా కొడతంది. ఓవెన్లోకి పోయేటప్పుడు తల, తోక, నాలుగు కాళ్ళు ఉన్న తాబేలే, బయటికి వచ్చేసరికి దిబ్బరొట్టె లాగా అన్నీ కలిసిపోయి ఉంటంది. బిస్కెట్లు కూడా అంతే, చేప అచ్చుతో కోసినా మొప్పలు తోక ఏవీ కనపడకుండా పరుచుకుపోతన్నాయి.

పెద్దోడేమో ఒంగోల్లో ఉండి తాబేలెందుకమ్మా గిత్తను చేద్దాం అంటాడు, మూపురంతో సహా కావాలంట. చిన్నదానికి ఫ్లెమింగో కావాలి, పండక్కి సూళ్ళూరుపేట పోయి చూసొచ్చాం, అప్పట్నించి గులాబీ రంగు పిట్టలంటే ప్రాణం. షాపులో దొరికే రంగులు వేయడం నాకిష్టం లేదు. తెలిసినోళ్ళు చెప్పండి, కొలతలతో చెప్తే ఇంకా మేలు.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)
భలే పని పెట్టుకున్నారండీ, పిలకాయలకి ఇంతకంటే మంచి ఆట ఏముంది చెప్పండి. ముందు రెండు సంగతులు చెప్పండి, మైదాకి పాలు ఎన్ని పోస్తున్నారు, బొమ్మ చేసినాక ఓవెన్లో పెట్టేముందు ఎంతసేపు పక్కన పెడతన్నారు?

చిన్ని వాళ్ళమ్మ (ఒంగోలు)
అర కిలో మైదాకి 350 మిల్లీ దాకా పాలు. మెత్తగా రావాలని. బొమ్మ చేసినాక 45 నిమిషాలు మూతపెట్టి ఉంచుతా, నేను చూసిన వీడియోలో అట్టనే చెప్పారు.

బేకరీ బాబాయ్ (కావలి)
అమ్మాయ్, కిటుకంతా ఆ రెండిట్లోనే ఉంది. నేను ట్రంకు రోడ్డు మీద బేకరీల్లో చానా ఏళ్ళు పనిచేసినోణ్ణి, నా మాట విను. 350 మిల్లీ పోస్తే ఆ పిండి అచ్చులో వేసి కాల్చే బ్రెడ్డుకు బాగుంటది, ఎందుకంటే చుట్టూ రేకు గోడ ఉంటది కాబట్టి పైకి తప్ప ఎటూ పోలేదు. బొమ్మకి గోడ ఏదీ, దాని కాళ్ళ మీద అదే నిలబడాల. అందుకని పిండి గట్టిగా ఉండాల, చపాతీ పిండి కంటే రవ్వంత మెత్తగా ఉంటే చాలు. నేనైతే ఇట్టా కలుపుతా: మైదా 500 గ్రాములు, పాలు 270 నుంచి 280 మిల్లీ, చక్కెర 50 గ్రాములు, వెన్న 50 గ్రాములు, ఉప్పు 8 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్టు మే నెలలో అయితే 4 గ్రాములు, చలికాలంలో 6. గుడ్డు తినేవాళ్ళయితే ఒక గుడ్డు కొట్టి పోసుకో, అంత మేర, 50 మిల్లీ దాకా, పాలు తగ్గించు. మైదా ఒక్కో కంపెనీది ఒక్కో తీరుగా నీళ్ళు తాగద్ది కాబట్టి పాలన్నీ ఒకేసారి గుమ్మరించబాకు, చివరి రెండు మూడు చెంచాలు చేతిలో పెట్టుకో.

ఇక పిసకడం. పదీ పన్నెండు నిమిషాలు గట్టిగా పిసకాల, చిన్న ఉండ తీసి రెండు చేతుల వేళ్ళతో నిదానంగా సాగదీస్తే చిరక్కుండా, అవతల వెలుతురు కనపడేంత పల్చగా రావాల. ఆ జిగి లేకపోతే ఎంత గట్టి పిండైనా బొమ్మ చీలిపోద్ది.

ఇంకా పెద్ద సంగతి రెండో పొంగు, అంటే బొమ్మ చేసినాక ఓవెన్లో పెట్టేముందు పక్కన పెట్టి పొంగనిచ్చేది. 45 నిమిషాలు అనేది చల్లటి ఊళ్ళ లెక్క. మన దగ్గర మేలో వంటింట్లో 36, 38 డిగ్రీలు ఉంటే 15, 20 నిమిషాలకే పొంగిపోతది. గడియారం చూడబాకు, పిండిని చూడు. వేలితో మెల్లగా నొక్కితే గుంట నిదానంగా సగం పైకి రావాల, అప్పుడు ఓవెన్లో పెట్టెయ్. గుంట అట్టనే ఉండిపోతే దాటిపోయినట్టు లెక్క, లోపలికి పోగానే కూలిపోద్ది. బొమ్మలకైతే నేను ఇంకొంచెం ముందే పెడతా, మిగతా పొంగు ఓవెన్లో పొంగుద్ది, ఈలోగా పైన పొర గట్టిపడి ఆకారం పట్టుకుంటది.

చిన్ని వాళ్ళమ్మ (ఒంగోలు)
బాబాయ్ గారూ చానా థ్యాంక్సండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఇంకో సందేహం, కాళ్ళు తల ఎట్టా అతికించాలి? నీళ్ళు రాసి అతికిస్తే ఓవెన్లో ఊడొస్తన్నాయి.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)
దీనికి నేను చెప్తా, తాబేళ్ళు మా ఇంట్లో రెగ్యులర్. రొట్టెల పండగప్పుడు బారాషహీద్ దర్గాకి వచ్చే చుట్టాలు మా ఇంట్లోనే దిగుతారు, పెద్దోళ్ళు స్వర్ణాల చెరువు కాడికి పోయొచ్చేలోపు వాళ్ళ పిలకాయలకి నేను ఈ బన్నులే చేసిపెడతా.

పక్కన అతికించొద్దు, కింద పెట్టండి. ముందు ట్రే మీద నాలుగు కాళ్ళు, తల, తోక పరిచి, ఒక్కోదాని లోపలి కొసని వేలితో పల్చగా నొక్కాలి, ఆ పల్చటి కొసల మీద ఒంటి ఉండ కూర్చోబెట్టాలి. ఒళ్ళు పొంగేకొద్దీ దాని బరువు కొసల మీద పడి అదే గట్టిగా పట్టుకుంటది. కాళ్ళు మీకు కావాల్సిన సైజులో సగమే చెయ్యండి, పొంగినాక లావెక్కుతాయి. తల మాత్రం కాస్త పెద్దదే పెట్టండి. కళ్ళకి ఎండు ద్రాక్ష, పైపైన పెడితే పిండి పొంగేటప్పుడు బయటికి నెట్టేస్తది, మాడి చేదెక్కుతది కూడా, కాబట్టి పది నిమిషాలు నీళ్ళలో నానబెట్టి, చీపురుపుల్లతో గుంట చేసి లోతుగా గుచ్చాలి. లవంగాలు గుచ్చమని కొన్ని చోట్ల చెప్తారు, పిలకాయలు తినేదాంట్లో అది వద్దండీ, కొరికితే గొంతులో పడుద్దని భయం.

ముళ్ళపంది అయితే ఇంకా తేలిక. కోలగా ఒక ముద్ద చేసి ఒక పక్క మూతి సన్నగా లాగి, రెండో పొంగు అయినాక చిన్న కత్తెరని నూనెలో ముంచి ఏటవాలుగా చిటుకు చిటుకుమని కత్తిరించుకుంటా పోవడమే. పొంగకముందు కత్తిరిస్తే ముళ్ళు మళ్ళీ అతుక్కుపోతాయి. మొసలి కూడా ఇదే పద్ధతి. ఆ కత్తిరించే పని పిలకాయలకే వదిలెయ్యండి, వరస తప్పినా ముళ్ళు ముళ్ళే.

సైన్స్ మాస్టారు (మార్కాపురం)
బాబాయ్ గారు ఈస్టు తగ్గించమన్నది అక్షరాలా నిజం. దానికి తోడు పాలు ఫ్రిజ్‌లోంచి తీసినవి చల్లగానే పోయండి. గోరువెచ్చని పాలు అనేది చలి దేశాల వాళ్ళ పద్ధతి, మన మైదా డబ్బానే ఎండాకాలం గోరువెచ్చగా ఉంటుంది. పిసికేటప్పుడు రాపిడికి ఇంకా వేడెక్కుతుంది. పిసకడం అయ్యేటప్పటికి ముద్ద 25, 26 డిగ్రీల దగ్గర ఉంటే రుచి, పొంగు రెండూ బాగుంటాయి. ఈస్టు ప్రాణమున్న జీవి, 60 డిగ్రీలు తగిలితే చచ్చిపోతుంది, కాబట్టి కాగిన పాలు పొరపాటున కూడా పోయొద్దు.

బిస్కెట్లు పరుచుకుపోవడానికి కూడా వేడే కారణం. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. ఒంగోలు, నెల్లూరులో మే నెల మధ్యాహ్నం 40 దాటుతుంది గదా, అంటే మీరు అచ్చుతో కోసే టైముకే అందులో వెన్న సగం నూనె అయి ఉంటుంది. ఓవెన్ వేడి తగలగానే, మైదా గట్టిపడే లోపే నూనె కారి బిస్కెట్టు జారిపోతుంది. కోసిన బిస్కెట్లు ట్రేతో సహా ఫ్రీజర్లో 15, 20 నిమిషాలు పెట్టి, రాయిలాగా బిగిసినాక నేరుగా వేడి ఓవెన్లోకి. వంటసోడా, బేకింగ్ పౌడర్ అస్సలు వేయొద్దు ఆకారం కావాలంటే.

చీమకుర్తి అన్న (చీమకుర్తి)
ఇంట్లో గట్టుకి గ్రానైట్ వేసుకున్నోళ్ళకి ఒక చిట్కా చెప్తా. మా గెలాక్సీ రాయి నున్నగా ఉండిద్ది, పిండి అంటుకోదు, అందుకే మా ఇంట్లో చపాతీ కూడా గట్టు మీదే చేస్తారు. బిస్కెట్లు వత్తేముందు ఒక స్టీలు బేసిన్లో ఐసు ముక్కలు నీళ్ళు పోసి ఆ రాయి మీద పావుగంట పెట్టండి, బేసిన్ తీసి తడి లేకుండా తుడిచి ఆడనే వత్తండి. రాయి చల్లదనం చానాసేపు పట్టుకోనుండిద్ది. పని తెల్లవారుజామున పెట్టుకుంటే ఇంకా మంచిది, ఐదింటికి లేస్తే ఏడింటికల్లా ట్రేలన్నీ అయిపోతాయి, కరెంటు పోతదన్న బాధ కూడా తక్కువ.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)
అచ్చు బిస్కెట్ కొలత కూడా రాస్తున్నా. మైదా 250 గ్రాములు, వెన్న 130, పొడి చేసిన చక్కెర 100, ఉప్పు చిటికెడు, కలవడానికి చల్లటి పాలు ఒకటి రెండు చెంచాలు. వెన్న చక్కెర తెల్లగా నురగొచ్చేలా గిలక్కొట్టొద్దు, అట్టా కొడితే గాలెక్కి పొంగుతాయి, జస్ట్ కలిస్తే చాలు. ముద్దని రెండు ప్లాస్టిక్ కవర్ల మధ్య పెట్టి 5 మిల్లీమీటర్ల మందం వత్తి, కవర్లతోనే ఫ్రిజ్‌లో పెట్టి, బిగిసినాక కోయండి. ముద్ద బిగిసినాక వత్తాలంటే చేతులు నొప్పి, కాబట్టి వత్తినాకే బిగియనివ్వాలి. 170 డిగ్రీల్లో 11, 12 నిమిషాలు, అంచులు లేత బంగారు రంగు రాగానే తీసెయ్యండి, మధ్యలో మెత్తగా అనిపించినా ఆరినాక గట్టిపడతాయి.

వాసనకి గూడూరు నిమ్మకాయ తొక్క తురిమి వెయ్యండి, పచ్చతొక్క మాత్రమే, తెల్లది పడితే చేదు. వెనిలా ఎసెన్సు దీని ముందు బలాదూర్.

మూలాపేట అమ్మమ్మ (నెల్లూరు)
అమ్మా నాకు ఓవెన్ లేదు, మనవరాలు టైపు చేసి పెడతా ఉంది. మేము కుక్కర్లో ఇసక పోసి, గాస్కెట్ విజిల్ తీసేసి అందులోనే కేకులు చేసినాం. ఈ బొమ్మలు అందులో అయితాయా?

బేకరీ బాబాయ్ (కావలి)
అయితాయి అమ్మా, కాకపోతే కుక్కరు వద్దు, అల్యూమినియం కుక్కరు నీళ్ళు లేకుండా గంటల తరబడి కాగితే పాడైపోద్ది, మళ్ళీ అన్నానికి పనికిరాదు. పాత మందపాటి డబరా గానీ ఇనప బాండీ గానీ తీసుకోండి. అడుగున వేలెడు మందం రాళ్ళ ఉప్పు, దాని మీద చిన్న స్టాండు, గట్టిగా కూర్చునే మూత. సన్న మంట మీద పది పదిహేను నిమిషాలు కాగనిచ్చి అప్పుడు ప్లేటు పెట్టండి. చిన్న బన్నులు ఒక్కో విడతకి మూడో నాలుగో పడతాయి, 20 నుంచి 25 నిమిషాలు. మాటిమాటికీ మూత తీయబాకండి.

పైన రంగు రాదు ఇందులో, వేడి కింద నుంచే గదా. అందుకని పాలల్లో చక్కెర కలిపి పైన పూత పూయండి, కాస్త వస్తది. తాబేళ్ళ కంటే తామర పూలు, నక్షత్రాలు లాంటి పల్చటి ఆకారాలు ఇందులో బాగా కాలతాయి. ఉడికిందో లేదో తెలియాలంటే బన్ను తిప్పి అడుగున వేలితో తట్టండి, డొల్ల శబ్దం రావాల.

మూలాపేట అమ్మమ్మ (నెల్లూరు)
మంచిది నాయనా. ఒక మాట నేనూ చెప్తా తల్లులకి. పిలకాయలు పచ్చి పిండి నోట్లో వేసుకుంటారు, మైదా పచ్చిది అరగదు, కడుపునొప్పి వస్తది, గుడ్డు కలిపిందైతే మరీ ప్రమాదం. ముందే తలా ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టి పనిలో కూర్చోబెట్టండి.

కందుకూరు ఆడపడుచు (జ్యూరిక్)
ఈ చర్చ చూస్తుంటే ప్రాణం లేచొచ్చింది. మాది కందుకూరు, ఇప్పుడు స్విట్జర్లాండ్‌లో ఉంటున్నాం. ఇక్కడ డిసెంబరు 6 సెయింట్ నికొలస్ రోజు, ఆ రోజుకి గ్రిట్టిబెన్జ్ అని పిండి మనిషిని చేస్తారు, ప్రతి బేకరీలో ఉంటాడు, ఇళ్ళల్లో పిల్లలతో కూడా చేయిస్తారు. పాలు వెన్న వేసిన పిండే, బాబాయ్ గారు చెప్పిన దానికి చాలా దగ్గర. ఇక్కడోళ్ళ దగ్గర నేను నేర్చుకుంది ఏంటంటే చేతులు కాళ్ళు విడిగా చేసి అతికించరు. ఒక పొడుగాటి ముద్ద చేసి, మెడ దగ్గర చేత్తో నొక్కి తల తేలుస్తారు, కింద నిలువుగా ఒక గాటు పెడితే రెండు కాళ్ళు, పక్కల ఏటవాలుగా రెండు గాట్లు పెడితే చేతులు. ఒకటే ముద్ద కాబట్టి ఊడిపోయేది ఏమీ ఉండదు. కాళ్ళు దూరం జరపాలి, లేదంటే పొంగి మళ్ళీ కలిసిపోతాయి. కుందేలు, కోతి, బాతు ఏదైనా ఈ పద్ధతిలో వస్తుంది.

స్వీడన్ వాళ్ళు డిసెంబరు 13కి కుంకుమపువ్వు వేసి పసుప్పచ్చగా రెండు చివర్లూ సుడి తిప్పిన బన్నులు చేస్తారు, రెండు సుడుల్లో రెండు ఎండు ద్రాక్షలు. చిన్న పిల్లలకి మొదట అది నేర్పించండి, పాములాగా చుట్టడం వాళ్ళకి వెంటనే వచ్చేస్తుంది.

తాబేలు చిప్పకి ఇంకో దారి ఉంది. జపాన్‌లో మెలోన్‌పాన్ అని బన్ను మీద పల్చటి బిస్కెట్ పొర కప్పి, కత్తితో డైమండ్ గీతలు గీసి కాలుస్తారు. తాబేలు ఒంటికి ఆ పొర కప్పి చూడండి, పైన కరకర లోపల మెత్తన, అక్కడ కూడా దాన్ని తాబేలు బన్నుగా చేస్తారు.

చిన్ని వాళ్ళమ్మ (ఒంగోలు)
అక్కా, ఇది చదివి వినిపిస్తే మా పిల్లలు ఎగిరి గంతేశారు, బిస్కెట్ చిప్ప తాబేలే కావాలంట ఇప్పుడు. మరి మా గిత్త సంగతి ఎవరన్నా చెప్పండి, మావాడు అది వదిలేట్టు లేడు.

బేకరీ బాబాయ్ (కావలి)
వదలబాకు, ఒంగోలు పిల్లోడు గిత్తను చెయ్యకపోతే ఎవరు చేస్తారు. బ్రెజిల్ దాకా పోయి అక్కడ మందలు మందలుగా నిలబడ్డ జాతి అది.

నిలబడిన గిత్త ఓవెన్లో నిలబడదు, దాని జోలికి పోబాకు, పక్కకి తిరిగి పడుకున్నట్టు ట్రే మీద బల్లపరుపుగా చెయ్యాల. మూపురం ముందే ఒంటిలోంచి లాగితే కాలేటప్పుడు అణిగిపోద్ది. భుజం మీద బొటనవేలితో గుంట చెయ్యి, కోలగా చిన్న ఉండ చేసి సన్నటి కొస ఆ గుంటలోకి దించు, పైన సగం బయటికి ఉండాల. గంగడోలు కోసం మెడ కింద పిండి పల్చగా నొక్కి మడతలు పడేటట్టు వేళ్ళతో లాగు. కొమ్ములు పిండితో చేస్తే లావెక్కి చెవుల్లాగా కనపడతాయి, బాదం పలుకు నిలువుగా చీల్చి గుచ్చు, కాలినాక గుచ్చితే ఇంకా బాగు, మాడవు.

గిత్త తెల్లగా ఉండాల గదా. పాలు, గుడ్డు, వెన్న ఏ పూతా పూయబాకు. పైన జల్లెడతో మైదా చల్లి, ఓవెన్ 150కి తగ్గించి, మొదటి పది నిమిషాల తర్వాత అల్యూమినియం కాగితం వదులుగా కప్పు, మొత్తం అరగంట దాకా పడుద్ది. ఒంగోలు గిత్తకి తల మీద, మెడ మీద, మూపురం మీద నల్లటి బూడిద రంగు ఛాయ ఉంటది, దానికి కోకో పొడి మైదాలో కలిపి బ్రష్‌తో ఆ చోట్ల మాత్రమే అద్దు. పిల్లోడికి చెప్పు, ఛాయ లేకపోతే అది ఒట్టి తెల్లెద్దు అని.

రొయ్యల చెరువు (ఇస్కపల్లి)
మా పిలకాయలకి గిత్తలు వద్దంట రొయ్య బన్ను కావాలంట, మా ఇంటి చుట్టూ చెరువులే మరి. ఎట్టా చెయ్యాల?

పెన్నా ఒడ్డు (నెల్లూరు)
అన్నా అది అన్నిటికంటే అందంగా వస్తది. పిండిని పొడుగు త్రికోణం వత్తి, వెడల్పు వైపు నుంచి చాపలాగా చుట్టుకుంటా రండి, ఆ చుట్టు గీతలే రొయ్య ఒంటి మీద పట్టీలు అవుతాయి. చంద్రవంకలాగా వంచి, తోక కొస కత్తెరతో రెండుగా చీల్చండి. మీసాలకి సేమియా రెండు పుల్లలు, కాలినాక గుచ్చండి, తినేముందు తీసెయ్యాలి. పాలల్లో చిటికెడు పసుపు, రవ్వంత కారం రంగు కోసం కలిపి పూస్తే ఉడికిన రొయ్య రంగే. లోపల ఉర్లగడ్డ కూర పెట్టి చుడితే సాయంత్రం టిఫినైపోద్ది.

చిన్ని వాళ్ళమ్మ (ఒంగోలు)
ఇక ఫ్లెమింగో రంగు. బీట్‌రూట్ రసం ముద్దలో కలిపితే గులాబీ ఉండాల్సింది కాలేసరికి ఇటుక రంగుకి తిరిగింది.

సైన్స్ మాస్టారు (మార్కాపురం)
బీట్‌రూట్ రంగు వేడికి ఆగదు. పిండిలో వంటసోడా ఉంటే ఇంకా తొందరగా విరిగిపోతుంది. కాస్త నిమ్మరసం కలిపితే కొంత నిలుస్తుంది గానీ ఓవెన్ వేడికి పూర్తిగా కాదు. మార్గం ఏమిటంటే బిస్కెట్ తెల్లగానే కాల్చండి, పూర్తిగా ఆరినాక పైన పూత వెయ్యండి. చక్కెర ఒక కప్పు, కార్న్‌ఫ్లోర్ ఒక చెంచా కలిపి మిక్సీలో మెత్తగా కొట్టి జల్లించి, బీట్‌రూట్ రసం నాలుగైదు చుక్కలు, నిమ్మరసం నాలుగు చుక్కలు, మిగతా పాలు చెంచా చెంచాగా వేసి జారీ జారనట్టు కలపండి. గుడ్డు తెల్లసొన పచ్చిగా వేసే పూతలు పిల్లలకి మన ఎండల్లో వద్దు. సముద్రం గాలికి పూత ఆరదు, ఫ్యాను కింద పెట్టండి, ఆరేదాకా ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు.

పసుపు రంగుకి పసుపే, ఆకుపచ్చకి పాలకూర రసం గానీ అది కూడా కాలితే ముదురుతుంది. పిల్లలకి ఒక ఆట చూపించండి, పసుపు నీళ్ళలో చిటికెడు వంటసోడా వేస్తే ఎర్రగా తిరుగుతుంది, నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు. మా బళ్ళో ఆరో తరగతి పిల్లలకి ఆమ్లాలు క్షారాలు ఇట్టాగే చెప్తాను, ఒక్కడు కూడా మర్చిపోడు.

ఉదయగిరి పిల్ల (ఉదయగిరి)
ఫ్లెమింగో కాళ్ళు సన్నగా పొడుగ్గా కోస్తే విరిగిపోతాయి, ఎంత జాగ్రత్తగా తీసినా సరే. ఒక కాలు మడిచి కూర్చున్నట్టు కొయ్యండి, లేదంటే మెడ వంపు, ముక్కు, ఒళ్ళు వరకే. ముక్కు కొసకి కోకో అద్దితే అచ్చం అదే. నేలపట్టు గూడబాతులైతే ఇంకా సులువు, లావు ఒళ్ళు, పొడుగు ముక్కు, ముక్కు కింద సంచి.

ఈకల గీతలకి మా ఊరి కొయ్య ఫోర్కు వాడండి. మా దగ్గర చెక్క స్పూన్లు ఫోర్కులు చేత్తోనే చెక్కుతారు గదా, ఆ ఫోర్కు పళ్ళు మందంగా మొద్దుగా ఉంటాయి, స్టీలుదైతే పిండిని చీలుస్తది, కొయ్యదైతే నొక్కు మాత్రమే పడుద్ది. వరసగా కిందనుంచి పైకి నొక్కుకుంటా వస్తే ఈక మీద ఈక పడినట్టు ఉంటది. చిన్న కొయ్య స్పూను కొసతో అర్ధచంద్రాలు నొక్కితే చేప పొలుసులు. మా పిల్లకి మూడేళ్ళు, అది కూడా ఈ పని చేసుద్ది.

సజ్జ రొట్టె (కనిగిరి)
అంతా మైదానేనా, పిల్లలకి రోజూ మంచిది కాదు గదా. సజ్జపిండి, రాగిపిండితో చేయకూడదా?

బేకరీ బాబాయ్ (కావలి)
బిస్కెట్లలో సగం దాకా వెయ్యొచ్చు, సజ్జ బిస్కెట్ తాటిబెల్లంతో చేస్తే ఆ రుచే వేరు. బ్రెడ్డులో మాత్రం ఐదో వంతు దాటనియ్యబాకు, సజ్జకి రాగికి సాగే జిగి లేదు, బొమ్మ పగుళ్ళిస్తది. గోధుమ పిండి సగం వేసుకోవచ్చు, అది నీళ్ళు ఎక్కువ తాగద్ది కాబట్టి పాలు ఇంకో 20, 30 మిల్లీ పోసి, కలిపినాక 20 నిమిషాలు కదిలించకుండా వదిలేసి అప్పుడు పిసుకు. ముళ్ళపందికి రాగి కలిపితే రంగు కూడా సరిగ్గా కుదురుద్ది.

చిన్ని వాళ్ళమ్మ (ఒంగోలు)
అందరికీ పేరు పేరునా దండాలు! ఇవాళ తెల్లారుజామున ఐదింటికి మొదలుపెట్టాం, చల్లటి పాలు 275 మిల్లీ, ఈస్టు 4 గ్రాములు. పెద్దోడు గిత్త, ఆడబిడ్డ కూతురు ఇద్దరు పిండి మనుషులు, చిన్నది తాబేలు. గిత్త మూపురం నిలబడింది బాబాయ్ గారూ! గుంట చేసి దించమన్నారు చూడండి, అదే. కాలినాక మూపురం చుట్టూ సన్నటి గీత పడింది, నిజం గిత్తకి చర్మం మడతపడినట్టే ఉంది, కోకో అద్దిన చోట ఆ గీతలోకి కొంచెం నల్లగా దిగి ఇంకా అందమొచ్చింది. మావాడు దాన్ని ఎవర్నీ తుంచనివ్వలా, వాళ్ళ తాతకి వీడియో కాల్‌లో చూపించినాకే తిననిచ్చాడు. తాత అయితే పళ్ళు ఎన్ని వేసిందిరా అని అడిగారు, గిత్త వయసు అట్టా చెప్తారంట గదా, ఇప్పుడు బియ్యపు గింజలు గుచ్చి పళ్ళు పెట్టాలంటన్నాడు.

చిన్నదాని తాబేలుకి ఐదు కాళ్ళు ఉన్నాయి, నేనేం సరిచేయలా, దాని ఇష్టం. ఫ్లెమింగోలు సాయంత్రం ఆరినాక ఫోటో పెడతా, గులాబీ రంగు మాత్రం భలే వచ్చింది మాస్టారూ.

ఒకటే ప్రశ్న మిగిలింది, బన్నులు ఎక్కువయ్యాయి, ఫ్రిజ్‌లో పెట్టమంటారా?

కందుకూరు ఆడపడుచు (జ్యూరిక్)
చదువుతుంటేనే సంతోషంగా ఉందమ్మా. ఫ్రిజ్ వద్దు, బ్రెడ్డు బయటకంటే ఫ్రిజ్‌లోనే తొందరగా బిరుసెక్కుతుంది. ఇవాళ రేపు తినేవి పూర్తిగా చల్లారినాక గాలి చొరని డబ్బాలో బయటే పెట్టు. అంతకుమించి అయితే మీ ఎండకి, తేమకి బూజు పడుతుంది, కాబట్టి మిగతావి కవర్లో చుట్టి నేరుగా ఫ్రీజర్లో పెట్టెయ్యి, కావాల్సినప్పుడు తీసి అరగంట బయట ఉంచి 150లో ఐదు నిమిషాలు వేడిచేస్తే చాలు.

బేకరీ బాబాయ్ (కావలి)
అవును, ఆమె చెప్పిందే సరి. పళ్ళకి బియ్యం వద్దు అమ్మాయ్, కాలితే రాయి అయిపోద్ది, పిల్లల పళ్ళకి ప్రమాదం. పుచ్చగింజల పప్పు గుచ్చమను, తెల్లగా ఉంటది, తినొచ్చు. రెండు పళ్ళు చాలు, కుర్ర గిత్త కింద లెక్క.